పెద్దవారిలో అవధాన లోపం – మొక్కల యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు ఎంతవరకు పనిచేస్తాయి?



ఆరోగ్యం పేరిట మన ఇళ్లలో ఖర్చయ్యే డబ్బు రెండు విధాలుగా పోతుంది. కొంత జబ్బు తీసుకుపోతుంది. కొంత ఆ జబ్బును గురించి తెలియకపోవడం వల్ల పోతుంది. మొదటిదాన్ని ఆపడం అన్నివేళలా మన చేతిలో ఉండదు. రెండవదాన్ని మాత్రం నాలుగు అక్షరాలు చదివి ఆపుకోవచ్చు. అందుకే ఈ సంచికకు ఒక పాఠం రాయాలనుకున్నాను. ఎమ్మిగనూరులోగాని, ఆదోనిలోగాని మందుల దుకాణం ముందు నిలబడితే 'ఏకాగ్రతకు', 'మెదడు బలానికి', 'సహజ మూలికలతో' అని రాసిన సీసాలు అద్దాల బీరువాలో వరుసగా కనిపిస్తాయి. సి.బెళగల్ లాంటి మండల కేంద్రంలో ఉన్నవారికి కూడా అవి సెల్‌ఫోనులో ఒక్క నొక్కుతో ఇంటికి వస్తున్నాయి. వాటిని కొనేవారిలో చాలామంది చదువుకునే పిల్లల తల్లిదండ్రులే. కాని పనిలో నిలకడ లేక, మతిమరుపుతో, తొందరపాటుతో బాధపడే పెద్దవాళ్లు కూడా తమకోసం కొంటున్నారు. ఆ సీసాలో నిజంగా ఏముంది? దానివల్ల ఎవరికి మేలు? సహాయ నిధి నుండి దానికి డబ్బు ఇవ్వవచ్చునా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెతకడమే ఈ పాఠం ఉద్దేశం.

ముందుగా జబ్బు సంగతి

ఇంగ్లీషులో దీన్ని 'అటెన్షన్ డెఫిసిట్ హైపర్‌యాక్టివిటీ డిజార్డర్' అంటారు. పొడి అక్షరాల్లో ఏ.డి.హెచ్.డి. తెలుగులో అవధాన లోపం, అతిచురుకుదనం అనవచ్చు. అవధానం అన్న మాట మనకు కొత్తది కాదు. ఎనిమిది మంది ఎనిమిది వైపుల నుండి ప్రశ్నలు వేస్తున్నా దారం తెగకుండా జవాబు చెప్పేవారిని అష్టావధాని అంటాం. ఈ జబ్బున్న వారికి ఒక్క వైపు నుండి వచ్చిన పనిని చివరిదాకా పట్టుకోవడమే కష్టం. తెలివి తక్కువై కాదు. మెదడులో ధ్యాసను నిలిపే, తొందరను అదుపు చేసే ఏర్పాటు మిగతావారిలో ఉన్నట్టు నడవకపోవడం వల్ల.

ఇది ఈనాటి సెల్‌ఫోన్లు తెచ్చిన జబ్బు అని కొందరు అంటారు. అది సరికాదు. అలెగ్జాండర్ క్రిక్టన్ అనే వైద్యుడు 1798లోనే ధ్యాస నిలవని రోగుల గురించి రాశాడు. లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు 1902లో ఇలాంటి పిల్లలను గురించి ఉపన్యాసాలు ఇచ్చాడు. పెంపకం లోపమనడం కూడా తొందరపాటే. కవలల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, ఒకరికి ఇది ఉండి మరొకరికి లేకపోవడంలో 70 శాతానికి పైగా పాత్ర వంశపారంపర్యానిదే అని తేలింది. కాబట్టి కొడుకుకు ఉన్నదని వైద్యుడు చెప్పినప్పుడు, 'నేనూ చిన్నప్పుడు ఇంతే' అని తండ్రి అనడంలో ఆశ్చర్యం లేదు.

పెద్దయ్యాక ఇది పోతుందని ఒకప్పుడు అనుకునేవారు. కొందరికి తగ్గుతుంది. చాలామందికి రూపం మారుతుంది. చిన్నప్పుడు బల్ల మీద కుదురుగా కూర్చోని పిల్లవాడు, ముప్పై ఏళ్లకు సంవత్సరానికి మూడు పనులు మారే మనిషిగా కనిపిస్తాడు. అప్పు తీర్చే తేదీ మరచిపోతాడు. ఆటో నడుపుతూ ఆలోచనలో పడతాడు. మాట పూర్తికాకముందే మధ్యలో దూరి గొడవ తెచ్చుకుంటాడు. ఆడవారిలో ఇది ఇంకా కనబడకుండా ఉంటుంది. పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోయే కోడలిని 'ధ్యానం లేదు' అని తిట్టి ఊరుకుంటారు. ప్రపంచ వ్యాప్తంగా జరిగిన సర్వేలను బట్టి పెద్దవారిలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఈ స్థితి ఉంటుందని అంచనా.

ఎలా నిర్ధారిస్తారు?

దీనికి రక్తపరీక్ష లేదు, స్కానింగు లేదు. వైద్యుడు కూర్చోబెట్టి అడిగి తెలుసుకోవలసిందే. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ప్రచురించిన ప్రమాణాలను ఎక్కువమంది అనుసరిస్తారు. వాటి ప్రకారం ధ్యాసకు సంబంధించిన తొమ్మిది లక్షణాలు, అతిచురుకుదనానికి సంబంధించిన తొమ్మిది లక్షణాలు ఉన్నాయి. పెద్దవారిలో ఈ రెండింటిలో ఏదో ఒకదానిలో కనీసం ఐదు లక్షణాలు ఆరు నెలలకు పైగా ఉండాలి. ఇంట్లోనూ పనిలోనూ, అంటే కనీసం రెండు చోట్ల కనిపించాలి. కొన్ని లక్షణాలు 12 ఏళ్ల వయసుకు ముందే మొదలై ఉండాలి.

ఈ చివరి నియమం ఉపాధ్యాయులకు, తల్లులకు సంబంధించినది. నలభై ఏళ్ల మనిషి చిన్నప్పుడు ఎలా ఉండేవాడో వైద్యునికి ఎలా తెలుస్తుంది? తల్లి జ్ఞాపకం వల్ల తెలుస్తుంది. పాత ప్రోగ్రెస్ కార్డు మీద 'తెలివిగలవాడు గాని శ్రద్ధ లేదు' అని ఏనాడో రాసిన వాక్యం వల్ల తెలుస్తుంది. అందుచేత ఆసుపత్రికి వెళ్లేటప్పుడు అటువంటి కాగితం ఉంటే పారేయకుండా తీసుకుపోవాలి.

మరొక మాట. ధ్యాస నిలవకపోవడం అంతా ఈ జబ్బే కాదు. థైరాయిడ్ తేడా, అదుపులో లేని చక్కెర, నిద్రలేమి, గురకతో ఊపిరి ఆగి ఆగి రావడం, దిగులు జబ్బు, రక్తహీనత – ఇవన్నీ మనిషిని పరధ్యానంగా మారుస్తాయి. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి ఇల్లాలికి కావలసింది ఖరీదైన మూలికల సీసా కాదు. ముందు రక్తపరీక్ష, తరువాత ఇనుము మాత్ర.

యాంటీ ఆక్సిడెంట్ అంటే ఏమిటి?

వంకాయ కోసి గాలికి వదిలితే కొద్దిసేపటికి ముక్క నల్లబడుతుంది. గాలిలోని ఆక్సిజన్ చేసే పని అది. ఆపిల్ ముక్క మీద నిమ్మరసం పిండితే అంత త్వరగా రంగు మారదు. నిమ్మరసంలోని పులుపు, విటమిన్ సి ఆ మార్పును అడ్డుకుంటాయి. ఆక్సిజన్ వల్ల కలిగే నష్టాన్ని ఇలా అడ్డుకునే పదార్థాలను యాంటీ ఆక్సిడెంట్లు అంటారు.

మన శరీరం కూడా ఆక్సిజన్‌తోనే బతుకుతుంది. ఆ క్రమంలో కొన్ని చురుకైన అణువులు పుడతాయి. వాటిని అదుపు చేయడానికి శరీరంలో సొంత ఏర్పాటు ఉంది. అదుపు తప్పితే కణాలకు ఒత్తిడి. దానినే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. మెదడు మన బరువులో సుమారు 2 శాతమే అయినా, మనం వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే పోతుంది. కాబట్టి మెదడుకు ఈ ఒత్తిడి తగిలే అవకాశం ఎక్కువ. అవధాన లోపం ఉన్నవారి రక్తంలో ఈ ఒత్తిడి గుర్తులు కొంత భిన్నంగా ఉన్నాయని కొన్ని పరిశోధనలు చెప్పాయి. అక్కడి నుండే 'మొక్కల యాంటీ ఆక్సిడెంట్లు ఇస్తే ధ్యాస కుదురుతుందేమో' అన్న ఆలోచన పుట్టింది.

ఆలోచన తప్పు కాదు. అయితే ఇందులో రెండు మెలికలున్నాయి. మొదటిది: బెల్లం ఉన్నచోట ఈగలుంటాయి, అంతమాత్రాన ఈగలు బెల్లాన్ని చేశాయని అనం. ఒత్తిడి గుర్తులు జబ్బుకు కారణమో, జబ్బుతో పాటు వచ్చే నిద్రలేమి, పొగ, సరిలేని తిండి వల్ల కలిగినవో ముందు తేలాలి. రెండవది: పళ్లెంలోని ఆపిల్ ముక్క మీద పనిచేసినది మెదడులోనూ పనిచేస్తుందని చెప్పలేము. మింగిన మాత్ర పేగు దాటాలి, కాలేయం దాటాలి, రక్తం నుండి మెదడులోకి పోయే గట్టి కాపలాను దాటాలి. ఆ దారిలో చాలా పదార్థాలు రూపం మారిపోతాయి. అందుకే ఆలోచన ఎంత బాగున్నా మనుషుల మీద సరైన పరీక్ష జరగాలి.

సరైన పరీక్ష అంటే ఏది?

మన రైతుకు ఇది చెప్పనవసరం లేదు. కొత్త పత్తి విత్తనం మంచిదో కాదో తెలియాలంటే ఏం చేస్తాడు? ఒకే నల్లరేగడి చేనులో సగం పాత విత్తనం, సగం కొత్త విత్తనం వేసి, ఒకే వాన, ఒకే ఎరువు కింద దిగుబడి చూస్తాడు. మంచి వాన కురిసిన ఏడు కొత్త విత్తనం వేసి, పంట బాగా వచ్చిందని విత్తనాన్ని పొగడితే, ఆ పొగడ్త వానకు చెందాలా, విత్తనానికి చెందాలా?

మందుల పరీక్ష కూడా అంతే. రోగులను చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు మందు, రెండవ గుంపుకు చూడటానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, చూసే వైద్యునికీ తెలియదు. ఉత్తుత్తి మాత్ర కూడా కొందరికి గుణమిస్తుంది. ఎవరో మన బాధ విన్నారు, మందు ఇచ్చారు అన్న నమ్మకం, కాలంతో పాటు వచ్చే మార్పు – ఇవే ఆ గుణానికి కారణాలు. మందు ఆ ఉత్తుత్తి మాత్ర కంటే ఎక్కువ మేలు చేసినప్పుడే దాన్ని మందు అనాలి. 'మా బావమరిది వాడాడు, తగ్గింది' అన్న మాట ఒక్క గుంపు కథ మాత్రమే.

పైన్ బెరడు కథ

ఈ జబ్బుకు వాడి చూసిన మొక్కల యాంటీ ఆక్సిడెంట్లలో ఎక్కువగా వినిపించే పేరు పిక్నోజెనాల్. ఫ్రాన్సు నైరుతి తీరంలో పెరిగే ఒక జాతి పైన్ చెట్టు బెరడు నుండి తీసిన సారం ఇది. స్లొవేకియా దేశంలోని బ్రాటిస్లావాలో 61 మంది పిల్లల మీద జరిగిన పరీక్ష ఫలితం 2006లో వెలువడింది. నాలుగు వారాలు ఈ సారం తీసుకున్న పిల్లలలో అతిచురుకుదనం తగ్గి, ధ్యాస మెరుగైందని తేలింది. మందు ఆపిన నెలకు లక్షణాలు తిరిగి వచ్చాయి. ఈ పరీక్షనే అమ్మకందారులు ఎక్కువగా చెబుతారు.

కాని అంతకు ముందే, 2002లో, అమెరికాలో 24 మంది పెద్దవారి మీద మరో పరీక్ష ప్రచురితమైంది. ఒక్కొక్కరు మూడు వారాలు పైన్ బెరడు సారం, మూడు వారాలు మిథైల్‌ఫెనిడేట్ అనే మామూలు మందు, మూడు వారాలు ఉత్తుత్తి మాత్ర వాడారు. పైన్ బెరడు ఉత్తుత్తి మాత్రను మించలేదు. అయితే మనం న్యాయంగా చదవాలి. ఆ పరీక్షలో మిథైల్‌ఫెనిడేట్ కూడా ఉత్తుత్తి మాత్రను మించలేదు. ఇతర పెద్ద పరీక్షలలో బాగా పనిచేసిన మందే ఇక్కడ తేడా చూపలేదంటే, 24 మంది, మూడు వారాలు అనే కొలత చాలా చిన్నదని అర్థం. చిన్న తక్కెడలో తూచి పెద్ద మాట చెప్పకూడదు – అవునని గాని, కాదని గాని.

పైన్ బెరడు సారాల మీద వేర్వేరు జబ్బులకు జరిగిన 27 పరీక్షలను, 1,641 మంది వివరాలను కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2020లో పరిశీలించింది. పరీక్షలు చిన్నవి, నాణ్యత చాలదు కాబట్టి ఏ జబ్బుకూ గట్టి నిర్ణయం చెప్పలేమన్నది దాని సారాంశం. పిల్లల మీద వచ్చిన ఒక ఫలితాన్ని చూపి పెద్దవారికి సీసా అమ్మడం ఎంతవరకు సబబో పాఠకులే ఆలోచించాలి.

కుంకుమ పువ్వు, గింకో, బ్రాహ్మి

మన ఇళ్లలో జాఫ్రాన్‌కు గౌరవం ఉంది. దాని మీద ఆశ కలిగించే పని ఇరాన్‌లో జరిగింది. 2019లో ప్రచురితమైన పరీక్షలో 54 మంది పిల్లలకు ఆరు వారాలు కొందరికి కుంకుమ పువ్వు మాత్ర, కొందరికి మిథైల్‌ఫెనిడేట్ ఇచ్చారు. రెండు గుంపుల మధ్య చెప్పుకోదగిన తేడా కనబడలేదు. వినడానికి బాగుంది. కాని ఇందులో ఉత్తుత్తి మాత్ర గుంపు లేదు. పరీక్ష చిన్నది, కాలం తక్కువ. అందులో వాడినది రోజుకు 20 నుండి 30 మిల్లీగ్రాములు, అదీ కొలిచి చేసిన మాత్ర. బజారులో దొరికే పొట్లంలో ఎంత నిజమైన కుంకుమ పువ్వు ఉందో ఎవరికి ఎరుక? మన నల్లరేగడి నేలల్లో పండే కుసుమ పూల రేకులు కూడా కుంకుమ పువ్వులో కల్తీకి వాడతారు.

గింకో అనేది చైనా చెట్టు ఆకు. 2010లో ఇరాన్‌లోనే 50 మంది పిల్లల మీద దాన్ని మిథైల్‌ఫెనిడేట్‌తో పోల్చితే, మిథైల్‌ఫెనిడేటే మేలని తేలింది. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలికను అమెరికాలో 54 మంది పిల్లలకు ఎనిమిది వారాలు ఇచ్చి చూశారు. 2008లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం అది ఉత్తుత్తి మాత్రకంటే మెరుగు కాదు.

బ్రాహ్మి విషయంలో ముందు పేరు దగ్గరే చిక్కు. నీటి ఒడ్డున పాకే నీటి సంబ్రాణి మొక్కను బ్రాహ్మి అంటారు. గుండ్రటి ఆకుల సరస్వతి ఆకును కూడా కొన్నిచోట్ల బ్రాహ్మి అనే అమ్ముతారు. రెండూ వేర్వేరు మొక్కలు. మొదటిదాని సారంతో ఆస్ట్రేలియాలో 112 మంది మగపిల్లల మీద 14 వారాల పరీక్ష జరిగి 2022లో వెలువడింది. ప్రవర్తనలో ఉత్తుత్తి మాత్ర గుంపుకు, దీనికి తేడా తేలలేదు. కొన్ని మానసిక పరీక్షలలో కొద్ది మేలు కనిపించింది.

యునానీ వాడకం ఉన్న ఇళ్లలో ఖమీరా గావ్‌జబాన్ వంటివి మెదడుకు బలమని తినిపిస్తారు. పెద్దల సంప్రదాయాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని ఖమీరా తయారీలో చక్కెర లేదా తేనె పాకమే ఆధారం. ఇంట్లో చక్కెర వ్యాధి ఉన్నవారు ఉంటే ఆ సంగతి హకీముకు, డాక్టరుకు ఇద్దరికీ చెప్పాలి.

మొత్తం మీద చూస్తే, ఎక్కువ పరీక్షలు పిల్లల మీదనే జరిగాయి. పెద్దవారి మీద జరిగినవి కొద్ది. ఏ మొక్క మందునూ 'ఇది పనిచేస్తుంది' అని పెద్దవారికి గట్టిగా చెప్పే స్థితి ఈనాటికి లేదు.

'మొక్కే కదా, నష్టమేమిటి?'

ఇది అందరూ అడిగే ప్రశ్న. గన్నేరు కూడా మొక్కే అని మన పెద్దలకు తెలుసు.

ఫిన్లాండ్‌లో పొగ తాగే 29,133 మంది మగవారి మీద ఒక పెద్ద పరీక్ష జరిగింది. క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్‌ను మాత్రగా ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఆశించారు. 1994లో ఫలితం చూస్తే, మాత్ర తీసుకున్నవారిలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువైంది. 2012లో కాక్రేన్ సంస్థ 78 పరీక్షలను, దాదాపు మూడు లక్షల మంది వివరాలను కలిపి చూసి, యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు ఆయుష్షు పెంచినట్టు ఆధారం లేదనీ, బీటా కెరోటిన్, విటమిన్ ఇ మరణాలను కొద్దిగా పెంచుతున్నట్టు ఉన్నాయనీ చెప్పింది. అవధాన లోపం ఉన్నవారిలో పొగ అలవాటు ఇతరుల కంటే ఎక్కువ. బీడీ తాగే మనిషి ధ్యాస కోసం బీటా కెరోటిన్ కలిసిన మాత్ర మింగితే ఏమవుతుందో ఈ లెక్క చెబుతుంది.

గ్రీన్ టీ తాగితే ఇబ్బంది లేదు. దాని సారాన్ని మాత్రగా చేసి, అందులోని ముఖ్య పదార్థాన్ని రోజుకు 800 మిల్లీగ్రాములు లేక అంతకు మించి తీసుకుంటే కాలేయానికి హాని కలగవచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. గింకో రక్తం పలుచబరిచే మందులతో కలిస్తే రక్తస్రావం భయం ఉంటుంది. గుండెకు స్టెంట్ వేయించుకున్నవారు ఇది తప్పక గుర్తుంచుకోవాలి. సెయింట్ జాన్స్ వోర్ట్ గర్భనిరోధక మాత్రల వంటి అనేక మందుల బలాన్ని తగ్గిస్తుంది.

సీసా మీద చదవవలసినవి

ఇలాంటి సీసాలలో చాలావరకు మందుగా కాక, ఆహార పూరకంగా అమ్ముడవుతాయి. వాటికి 2016 నాటి ఆహార భద్రతా నిబంధనలు వర్తిస్తాయి. లేబుల్ మీద 'హెల్త్ సప్లిమెంట్' అనీ, 'నాట్ ఫర్ మెడిసినల్ యూజ్' అనీ రాసి ఉండాలి. అంటే 'ఇది మందుగా వాడేది కాదు' అని. ముందువైపు పెద్ద అక్షరాలలో మెదడు బొమ్మ, వెనకవైపు చిన్న అక్షరాలలో ఈ మాట! చదువుకున్న పిల్లల చేత వెనకవైపు చదివించండి. 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ఉన్నదా చూడండి. అయితే ఆ నంబరు ఉండటం జబ్బు నయమవుతుందన్న హామీ కాదు. ఆయుర్వేద, యునానీ మందులకు వేరే లైసెన్సు ఉంటుంది. ఇక మెదడు జబ్బులను నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది.

యాంటీ ఆక్సిడెంట్లు కావాలంటే?

అవి మన సంతలోనే ఉన్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మన పండ్లలోని యాంటీ ఆక్సిడెంట్లను కొలిచి చూసినప్పుడు మొదటి స్థానం జామకాయకే దక్కింది. ఖరీదైన ఆపిల్‌లో ఉన్నది దానిలో నాలుగో వంతు మాత్రమే. అదే సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూత్రాలు పెద్దవారికి రోజుకు సుమారు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు తినమంటున్నాయి. గోంగూర, మునగాకు, ఉల్లిగడ్డ, ఉసిరి, నేరేడు, పసుపు – ఇవన్నీ ఆ కోవలోవే. ఇవి అవధాన లోపాన్ని నయం చేస్తాయని నేను చెప్పడం లేదు. గుండెకు, రక్తానికి, పేగుకు మేలు చేస్తాయి, మామూలుగా తింటే ఎక్కువమందికి హాని చేయవు, ఇంటిల్లిపాదీ తినవచ్చు. సీసా ఒక్కరికే.

మరి పనిచేసే చికిత్స ఏది?

2018లో ప్రచురితమైన పెద్ద పరిశీలన 133 పరీక్షలను కలిపి చూసింది. పెద్దవారిలో మిథైల్‌ఫెనిడేట్, అటమాక్సెటిన్ వంటి మందులు ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని అందులో తేలింది. వీటికీ ఆకలి తగ్గడం, నిద్ర చెదరడం, రక్తపోటు పెరగడం వంటి ఇబ్బందులున్నాయి. అందుకే మానసిక వైద్యుని చీటీ మీదే వాడాలి. మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో చట్టపరమైన నియంత్రణలో ఉన్న మందు. రంజాన్ నెలలో ఉపవాసం ఉండేవారు సొంతంగా మందు ఆపకూడదు. సహరీ, ఇఫ్తార్ వేళలకు తగ్గట్టు మోతాదు ఎలా మార్చుకోవాలో నెల ముందే డాక్టరును అడగాలి.

మందుతో పాటు నేర్చుకునే పద్ధతులున్నాయి. 2010లో అమెరికాలో 86 మంది పెద్దవారి మీద జరిగిన పరీక్షలో, పనులను విడగొట్టుకోవడం, వాయిదా వేయకుండా మొదలుపెట్టడం, ధ్యాస చెదిరినప్పుడు తిరిగి తెచ్చుకోవడం నేర్పిన గుంపుకు మంచి గుణం కనిపించింది. ఇందులో కొన్ని ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. రోజు పనులు ఒకే పుస్తకంలో రాయడం. తాళం చెవులకు గోడ మీద ఒకే మేకు. అప్పు కట్టే తేదీకి ఫోనులో రెండు అలారాలు, ఒకటి ముందురోజు, ఒకటి ఆ రోజు. పెద్ద పనిని ఇరవై నిమిషాల ముక్కలుగా చేయడం. రాత్రి సమయానికి నిద్ర. ఇంటివారు తిట్టడం మాని గుర్తుచేయడం.

దాతలు ఏం చేయవచ్చు?

జకాత్, సదకా రూపంలో వచ్చే ప్రతి రూపాయి ఎవరో కష్టపడి సంపాదించినది. దాన్ని ఈ విషయంలో ఎలా వాడాలో నాకు తోచిన సూచనలు ఇవి.

1. సీసాకు కాక పరీక్షకు డబ్బు ఇవ్వండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి రోగికి, తోడు వచ్చేవారికి బస్సు ఛార్జీ, ఆ రోజు పోయిన కూలి ఇస్తే చాలామంది వెళ్లగలుగుతారు. మొదటిసారి వెళ్లడం కంటే రెండవసారి, మూడవసారి వెళ్లడమే కష్టం. సహాయం ఆ తిరుగుళ్లకూ ఉండాలి.

2. ముందు రక్తహీనత, థైరాయిడ్, చక్కెర పరీక్షలు చేయించండి.

3. టెలీ మానస్ అనే ప్రభుత్వ ఉచిత ఫోను సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది. 14416 నంబరుకు రాత్రి పగలు ఎప్పుడైనా చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరును సంఘం కార్యాలయం గోడ మీద రాయించండి.

4. మూలికల పూరకాలకు సహాయం అడిగితే, చూస్తున్న డాక్టరు చీటీ మీద రాశారా అని అడగండి. రాయకపోతే సున్నితంగా కాదనండి. ఆ సీసా ధరను పన్నెండుతో హెచ్చించి చూపితే ఆ కుటుంబానికే విషయం అర్థమవుతుంది.

5. మన పశ్చిమ ప్రాంతం నుండి ఎన్నో కుటుంబాలు మిరప కోతలకు, పత్తి ఏరడానికి గుంటూరు వైపు వలస పోతాయి. బయలుదేరే ముందే డాక్టరును కలిసి, అక్కడ ఉన్నన్నాళ్లు మందు ఎలా అందుతుందో ఏర్పాటు చేసుకోమని చెప్పండి. మందు మధ్యలో తెగితే చేసిన సహాయమంతా తెగినట్టే.

6. సహాయం పొందినవారి పేరు బయటకు రానివ్వకండి. పెళ్లి సంబంధాలు చూసే ఇళ్లలో మానసిక వైద్యుని పేరు వినబడితేనే భయం. ఆ భయమే వారిని ఆసుపత్రికి కాక సీసా దగ్గరకు నడిపిస్తుంది.

ఈ చివరి మాటను పెద్దలు మరొక్కసారి ఆలోచించాలని మనవి. మూలికల సీసా కొనేవాడు మోసపోవాలని కొనడు. 'నాకు మానసిక వైద్యుడు అవసరం లేదు, కొంచెం బలం చాలు' అని చెప్పుకోవడానికి అది వీలిస్తుంది. పనిలో నిలవలేదని, మాట మీద ఉండడని, బాధ్యత లేదని ఏళ్ల తరబడి మాటలు పడిన మనిషికి ఆ మాత్రం మర్యాద కూడా బయట దొరకలేదు. 'నీది బద్ధకం కాదు, దీనికి ఒక పేరుంది, చికిత్స ఉంది, పద, తోడు వస్తాను' అని ఒక పెద్దమనిషి అంటే అతడు కర్నూలు బస్సు ఎక్కుతాడు. ఆ బస్సు టిక్కెట్టుకు ఇచ్చిన డబ్బు వృథా పోదు.

 ఈ పాఠాన్ని చదివినవారు తమ ఇంట్లో, తమ వీధిలో మరొకరికి చెబితే నా శ్రమ ఫలించినట్టే.